తొమ్మిదో గడి

అనంతపురం కోర్టు వెనక
న్యాయ సేవాధికార సంస్థ గది.
ఫ్యాను తిరుగుతాంది, గాలి మాత్రం రాదు.
ఖాజాబీ మేడమ్ దరఖాస్తు నా ముందుకు జరిపింది.

మొదటి గడి: పేరు.
ఈ కాగితం దాటి నా పేరు బయటికి రాకూడదంట, చట్టం.
అందుకే ఇక్కడ కూడా రాయను.
వయసు పంతొమ్మిది. ఊరు రాయదుర్గం.
పని, జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టడం.
ఎనిమిది గళ్ళు ఊపిరి తీసుకునేలోపల నిండినాయి.

తొమ్మిదోది: జరిగిన నష్టం వివరాలు.
గడి నా బొటనవేలంత.

ఆ మాట చూసి పక్కన బెంచీ మీద నాయన కదిలినాడు.
నష్టం అనే మాటతో ఆయనకు పాత పరిచయం.
వాన ఎగ్గొట్టిన ఏడల్లా సార్లు వస్తారు,
చేన్లో తాడుతో చదరం కడతారు,
శెనక్కాయ చెట్లు పీకి, మట్టి దులిపి, బుడ్డలు తూకమేస్తారు.
ఇంత రావాల్సింది, ఇంతే వచ్చింది.
నడుమ మిగిలిన ఖాళీకి రూపాయల్లో ఒక పేరు.

నాకు తాడు యాడ కట్టాల?

పనికి పోని ఇరవై రెండు నెలలు, రోజుకు నాలుగొందలు.
సరే, అది లెక్కకొస్తుంది.
ఆస్పత్రికి బస్సు చార్జీలు, మాత్రలు, చీటీలున్నాయి.
మూడో అంతస్తు స్టోరు రూములో
లోపలి నుంచి గడియ పడిన చప్పుడు.
ఈ గడిలో ఆ గడియ ఎట్ల పట్టాల?
ఇప్పటికీ ఎవరు తలుపేసినా
చేతిలో గిన్నె కింద పడుతుంది.
గిన్నెల ఖరీదు రాయమంటారా మేడమ్?

మేడమ్ నవ్వలేదు.
“రాయి. గడి చాలకుంటే కాగితం జతచెయ్యొచ్చు,
అని కిందనే అచ్చేసినారు చూడు.”
తరువాత నా పక్కకు కుర్చీ లాక్కుని, మెల్లగా:
“ఆ క్రిమినల్ కేసు సర్కారుది. దాంట్లో నువ్వు సాక్షివి.
వాళ్ళు పిలిస్తే పోతావు, అడిగినదానికి చెప్తావు.
అది తేలేదాకా దీన్ని ఆపాల్సిన పన్లేదు.
రేపు సివిల్ దావా వేస్తాం కదా,
దాంట్లో నువ్వు వాదివి.”

వాది.
బడిలో తెలుగు అయ్యవారు కూడా నాకు నేర్పని మాట.
నోట్లోనే రెండుసార్లు తిప్పుకున్నా, ఉప్పుగల్లు మాదిరి.

ఊరు ఏమంటుందో నాకు తెలుసు.
“పాప దుడ్ల కోసం తిరుగుతాంది.”
యూనిట్ ఓనరు బామ్మర్ది పోయినేడు
మైసూర్‌పాకు డబ్బాలో లక్ష రూపాయలు పెట్టి పంపినప్పుడు
అదే ఊరు, తీసుకోండబ్బా, ఆడపిల్ల బతుకు, అనింది.
ఆ లక్షకు గళ్ళు లేవు, తేదీ లేదు, రసీదు లేదు.
షరతు ఒకటే: నోరు.
నాయన మూత తీయకుండా తిప్పి పంపినాడు.
డబ్బా పెట్టిన చోట వారం రోజులు చీమలు తిరిగినాయి.

రాస్తా పోయినా.
మూడు కాగితాలయినాయి.
నడుమ ఒకచోట పెన్ను చినిగిపోయేంత ఒత్తింది,
ఆ వాక్యం అవతలి పక్క నుంచి కూడా చదవొచ్చు.
వస్తాయో రావో తెలీదు.
ఇరవై ఏండ్లలో నాయన పెట్టిన అర్జీల్లో
సగానికి జవాబే రాలేదు.

సంతకం పెట్టి ఇస్తాంటే
రెండేండ్లుగా ఈ సంగతి మీద నోరు విప్పని మనిషి
నా భుజం మీదుగా వంగి చూసినాడు.
“తేదీ వెయ్యి పాపా. తేదీ లేకుంటే తిప్పి పంపుతారు.”

వేసినా.

గుమాస్తా రసీదు చించి, ముద్ర కొట్టి, కిటికీలోంచి తోసినాడు.
నాయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసి
మళ్ళీ కిటికీలోకే పెట్టినాడు.

“సీలు సరిగా పడలేదు సార్.
ఇంకోసారి కొట్టండి.”